సగటు గాలి

ఉదయం ఐదింటికి ఫోన్‌లో చూస్తాను:
బూర్యా, ఈశాన్యం నుంచి, గంటకు డెబ్బై.
పక్కనే చీమతలంత ఎర్ర అంకె,
విసురుల్లో నూట నలభై.

కొత్తలో పెద్ద అక్షరాల అంకెనే నమ్మేదాన్ని.
మూరా నది పక్క మైదానం మా పుట్టిల్లు,
అక్కడ గాలి పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఒకే నడక.
డెబ్బై అంటే డెబ్బైయే అనుకుని
పసుపు మోపెడ్ తీసి, తపాలా సంచీ భుజాన వేసి
వీపావా లోయలో నా మొదటి జనవరిలోకి వెళ్ళాను.
బ్రైదా వాళ్ళ కొట్టం మూల తిరగ్గానే
మోపెడ్ ఒక దిక్కు, నేనొక దిక్కు,
పదకొండు పెన్షన్ కాగితాలు ద్రాక్షతోట మీదుగా
ట్రియెస్టే దిక్కు.

గోడ చాటున నిలబడి జోర్కో తాత అంతా చూశాడు.
నవ్వలేదు. ముందు మోపెడ్ లేపాడు, తర్వాత నన్ను.
"సగటంటే ఏమిటో తెలుసా అమ్మాయ్?
పది నిమిషాల గాలిని కుప్పపోసి సమంగా పంచిన కూలి.
నిన్ను పడేసినవాడు ఆ కూలి జాబితాలో లేడు.
వాడికి మూడు సెకన్లు చాలు."

మిగతాది ఒక్కసారిగా నేర్పలేదు,
రిజిస్టర్డ్ ఉత్తరానికి సంతకం పెట్టినప్పుడల్లా ఒక ముక్క.
నానోస్ కొండ మబ్బుటోపీ పెట్టుకుంటే
రేపటికి కట్టెలు లోపల పెట్టుకో.
టోపీ అంచు పీలికలై వేలాడిందా, రేపటి దాకా ఆగదు.
పట్నంలో లెక్కవేసేవాళ్ళు దేశాన్ని గళ్ళుగా కోస్తారు,
మన ఊరు రెండు గళ్ళ మధ్య కుట్టులో పడింది.
"వాళ్ళు అబద్ధమాడరు.
వాళ్ళు చెప్పేది లోయ సంగతి,
నువ్వు ఉత్తరం ఇచ్చేది గుమ్మానికి."

గుమ్మాలు నాకు ఇప్పుడు కంఠతా వచ్చు.
ఈశాన్యం వైపు ఏ ఇంటికీ కిటికీ లేదు.
పెంకుల మీద వరసగా రాళ్ళు, నిద్రపోయే కోళ్ళలా.
నా పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలు రాతలు:
కొట్టం మూల, చెప్పినదానికి రెట్టింపు.
చర్చి వెనక ఏమీ ఉండదు, ఆకులు నిలబడి గుండ్రంగా తిరుగుతాయి.
వంతెన దగ్గర దిగి నడువు.
రెండో తరగతి టింకారా నా సంచీ తూచి చూసి
తన పుస్తకాల సంచీలోనూ ఒక రాయి వేసుకుంది.
వాళ్ళమ్మకు చెప్పొద్దంది.

పోయినేడు ఓజ్‌బెయ్ అనే కుర్రాడొచ్చి
శ్మశానం గోడ మీద గాలికొలత యంత్రం బిగించాడు,
మూడు గిన్నెలది, ముచ్చటగా తిరిగేది.
ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండూ పదికి
నూట ఎనభై మూడు అని రాసింది.
ఆ పైన గీత లేదు.
రెండు గిన్నెలు చెర్రీ చెట్ల కింద దొరికాయి.
మూడోదాంట్లో లుద్మీలా కోడిపిల్లలకు నీళ్ళు పెడుతోంది,
ప్రభుత్వమే వచ్చినా ఇవ్వనంటుంది.

జోర్కో తాత పడింది మాత్రం విసురుకు కాదు.
వంతెన మీద, గాలికి వీపు ఆనించి,
పొరుగువాడి భుజానికి ఆనినంత ధీమాగా నడుస్తుంటే
అది చటుక్కున తప్పుకుంది.
తుంటి విరిగింది.
డెబ్బై ఏడేళ్ళుగా తెలిసిన గాలి.
ఆ మాట ఎవరితోనూ అనడు.

ఇప్పుడు సముద్రం పక్క ఆసుపత్రిలో,
తెరవడానికి వీల్లేని రెండద్దాల కిటికీ దగ్గర పడుకుని
రోజూ నాకు ఫోన్ చేస్తాడు.
"అంకె చెప్పు. పెద్దది వద్దు, చిన్నది."
నూట ఇరవై, అంటాను.
"వినిపించు."

వంతెన మొదట, గోడ చాటు నుంచి
ఫోన్ పట్టిన చెయ్యి మాత్రం బయటికి చాపుతాను.
అటునుంచి ఆయన లెక్కపెట్టడం సన్నగా వినిపిస్తుంది,
ఒకటి, రెండు, మధ్యలో దగ్గు, నాలుగు,
"ఆగు, ఇంకోటి వస్తోంది, ఆగు,
ఇప్పుడు. ఇప్పుడు దాటు."

కొన్నిసార్లు నేను అప్పటికే అవతల ఉంటాను.
సరే తాతా, అంటాను,
ఇదిగో దాటుతున్నాను.